ఈస్టరు పండుగ: తిథినిర్ణయము, దేశాచారములు



నేను తెలుగు పండితుడనుగా నుద్యోగము చేసిన పాఠశాలలో ఏటేట సెలవుల పట్టికను నల్లబల్లపై వ్రాయు పని నాదిగా నుండెను. సంక్రాంతి జనవరి నడిమిని దాటిపోదు. క్రిస్మసు డిసెంబరు 25ను విడిచి కదలదు. ఉగాది, శ్రీరామనవమి కదలును గాని, అవి యేల కదలునో మన పల్లెలలో పసివానికిని తెలియును. శుభ శుక్రవారము మాత్రము ఒకయేడు మార్చిలోను, మఱియొకయేడు ఏప్రిలు నడిమిని వచ్చుచుండెను. ఒకనాడొక బాలుడు లేచి, "అయ్యా! యేసుక్రీస్తు పుట్టిన దినము మాఱకుండగా మరణించిన దినము ఏల మాఱుచున్నది?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేను నవ్వలేదు. నాకును సమాధానము తెలియదు. "రేపు చెప్పెదను" అని వానిని కూర్చుండబెట్టితిని.

ఆ సాయంకాలము మా గణితోపాధ్యాయుని యింటికి పోతిని. ఆయన క్రైస్తవుడు, సంఘములో పెద్ద. నా ప్రశ్న విని ఆయన చిరునవ్వు నవ్వి, "పంతులుగారూ! ఇది సూర్యచంద్రుల సంగతి. మీరు నాకు చెప్పవలసినది మీరే నన్ను అడుగుచున్నారు" అనెను. పిమ్మట సూత్రమును చెప్పెను. వసంతమున పగలును రేయియు సమమగు దినము, అనగా మేష విషువము, గడచిన తరువాత వచ్చు మొదటి పూర్ణిమను పట్టుకొనవలెను. ఆ పూర్ణిమకు తరువాతి ఆదివారమే ఈస్టరు. పూర్ణిమయే ఆదివారమునాడు పడినచో పై ఆదివారము. ఈస్టరునకు ముందటి శుక్రవారము యేసు సిలువ వేయబడిన దినము.

నేను నివ్వెఱపోతిని. మన పండుగలలో సంక్రాంతి సూర్యునిది, శ్రీరామనవమి చంద్రునిది, వారముతో వానికి పని లేదు. ఈ పండుగకన్ననో, సూర్యుడు, చంద్రుడు, వారము ముగ్గురును ఒప్పుకొనవలెను. పంచాంగము చదువుకొన్నవానికి ఇంతకంటె రుచియైన విషయ ముండునా? నాటినుండి ఏటేట ఉగాదికి ముందే నా పంచాంగమునుబట్టి ఈస్టరు తేదీ చెప్పుటయు, ఆయన తన సంఘము వారి పట్టికతో సరిచూచుకొనుటయు మాకు వాడుకయైనది. చాల యేండ్లు ఒక్కసారియు తప్పలేదు. 2019లో తప్పినది. ఆ సంగతి తరువాత మనవి చేసెదను.

మొదట మూలము చెప్పవలెను. యూదులు ఐగుప్తు దేశపు దాస్యమునుండి విడుదలయైన రాత్రికి జ్ఞాపకముగా వసంతమాసమున, పూర్ణిమనాటికి, పస్కా పండుగ చేయుదురు. పూర్వము గొఱ్ఱెపిల్లను బలి యిచ్చెడివారు. పులియని రొట్టెను నేటికిని తినుచున్నారు. వారి మాసము మనవలెనే చాంద్రమాసము. పండుగ వసంతమును విడిచిపోకుండుటకై పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములు కలుపుకొందురు. మన లెక్కయు ఇంచుమించుగ నదియే. యేసు సిలువ వేయబడినది ఆ పస్కా దినములలోనే. సమాధి శూన్యమై కనబడినది వారములో మొదటి దినమున, అనగా ఆదివారమున. కావున తొలినాటి క్రైస్తవులకు ఒక ధర్మసందేహము కలిగెను: మనము తిథిని పాటింపవలెనా, వారమును పాటింపవలెనా?

పేరును గూర్చి ఒక్కమాట. గ్రీకు, లాటిను, రష్యను మొదలగు భాషలలో ఈ పండుగకు పస్కా అను మాటనుండి పుట్టిన పేళ్లే కలవు. మన కేరళ క్రైస్తవులు పెద్ద గురువారమును పెసహా యందురు. ఆంగ్లేయులును జర్మనులును మాత్రము ఈస్టరు, ఓస్టర్ను అందురు. ఈ పేరు ఈయోస్ట్రె యను పూర్వదేవతకు చెందిన మాసమునుండి వచ్చినదని బీడు అను ఆంగ్ల సన్న్యాసి 725లో వ్రాసెను. ఆ దేవతనుగూర్చి అంతకుమించి ఆయనయు చెప్పలేదు. భాషాశాస్త్రజ్ఞులు ఆ పదమును తూర్పు దిక్కునకు, తెల్లవారుటకు సంబంధించిన ధాతువునుండి సాధింతురు. మన వేదములోని ఉషస్సు ఆ ధాతువునకే పుట్టిన బిడ్డ. అక్కచెల్లెండ్రు దూరదేశములకు కాపురములు పోయినట్లు మాటలును పోవుచుండును.

ఇక తిథివారముల తగవు. ఆసియా మైనరు, అనగా నేటి టర్కీ ప్రాంతమునందలి క్రైస్తవులు ఏ వారమైనను సరే, చతుర్దశినాడే పండుగ చేయుచుండిరి. రోమునందలివారు ఆదివారమును విడువరైరి. 155 ప్రాంతమున స్మిర్నా పట్టణపు బిషప్పు పాలికార్పు, అప్పటికే వృద్ధుడు, రోమునకు పోయి అక్కడి బిషప్పు అనిసెటసుతో చర్చించెను. ఆయన యీయన నొప్పింపలేదు, ఈయన యాయన నొప్పింపలేదు. అయినను ఇద్దఱును కలిసి ప్రభుభోజన సంస్కారమును జరుపుకొని సమాధానముగా విడిపోయిరి. నలుబది యేండ్లు తిరుగకమునుపే, 190 ప్రాంతమున, విక్టరు అను రోము బిషప్పు చతుర్దశివారిని సంఘమునుండి వెలివేయ బూనుకొనెను. లియోను పట్టణపు ఐరేనియసు, తాను ఆదివారపు పక్షమువాడయ్యు, పూర్వులు భేదముతోనే శాంతిగా నుండలేదా యని విక్టరును మందలించెను. వాదమున గెలిచినవారి కంటె నాకు ఈ ఐరేనియసు గొప్పవాడుగా తోచును.

325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నైసియాయను ఊర బిషప్పులనందఱను సభ చేర్చెను. లోకమందలి క్రైస్తవులందఱును ఒక్క ఆదివారముననే పండుగ చేయవలెనని నిర్ణయమైనది. అయితే ఆ ఆదివార మేదో యెవరు చెప్పవలెను? ఐగుప్తునందలి అలెగ్జాండ్రియా ఖగోళశాస్త్రమునకు పుట్టినిల్లు. అక్కడి బిషప్పు ఏటేట తేదీని తెలుపుచు లేఖలు పంపుచుండెను. అక్కడివారు విషువమును మార్చి 21కి కట్టివేసి, పందొమ్మిదేండ్ల చక్రముతో పూర్ణిమలకు పట్టిక వేసిరి. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు: పూర్ణిమను ఆకాశమున చూచుట మాని పట్టికలో చూచుట ఆరంభమైనది.

ఈ పట్టికలవలన మనకును ఒక ఫలము కలిగినది. 525లో రోమునగరమున డయొనీషియసు అను సన్న్యాసి ఈస్టరు పట్టికను ముందుకాలమునకు పొడిగించుచుండెను. అంతవఱకు పట్టికలలో సంవత్సరములను డయొక్లీషియను చక్రవర్తి కాలమునుండి లెక్కించుచుండిరి. ఆ చక్రవర్తి క్రైస్తవులను హింసించినవాడు. అట్టివాని పేరు పండుగ పట్టికలో నుండుట యీ సన్న్యాసికి సరిపడలేదు. అందుచేత క్రీస్తు అవతరించిన సంవత్సరమునుండి లెక్క మొదలుపెట్టెను. నేడు మనము పొలము దస్తావేజు మీద, పెండ్లి పత్రిక మీద, పిల్లవాని బడి రిజిస్టరులో వ్రాయు క్రీస్తుశకము ఈ యీస్టరు పట్టిక మూలలో పుట్టినదే.

ఇప్పుడు ఒక యింటి కథ చెప్పెదను. ఏడవ శతాబ్దమున ఇంగ్లండు ఉత్తరభాగమున నార్తంబ్రియా యను రాజ్యముండెను. రాజు ఓస్వియు. ఆయన బాల్యమున ఐర్లండు సన్న్యాసుల యొద్ద మతమును నేర్చినవాడు. రాణి ఎయాన్‌ఫ్లెడు దక్షిణమున కెంటు దేశమున పెరిగినది. రోము పద్ధతిని పాటించు గురువును తనవెంట తెచ్చుకొనినది. ఐర్లండువారి పట్టిక వేఱు, రోమువారి పట్టిక వేఱు. పైగా చతుర్దశి ఆదివారము నాడు పడినచో ఐర్లండువారు ఆనాడే పండుగ చేయుదురు. రోమువారు పై ఆదివారమునకు పోవుదురు. కొన్ని సంవత్సరములలో రాజు ఉపవాసము విడిచి ఈస్టరు విందు ఆరగించుచుండగా, అదే కోటలో రాణియు నామె పరివారమును ఇంకను మట్టల ఆదివారమే జరుపుకొనుచు ఉపవాసముండిరని బీడు వ్రాసినాడు.

దీనిని చదివినప్పుడు నాకు మా యిల్లు జ్ఞాపకమునకు వచ్చెను. మా నాయనమ్మ స్మార్త యేకాదశి ఉండునది. మా మేనత్తను వైష్ణవ సంప్రదాయము పాటించు ఇంట ఇచ్చిరి. ఆమె పుట్టింటికి వచ్చినప్పుడు ఒక్కొక్క యేకాదశికి నాయనమ్మ పారణ చేయునాడు మేనత్త ఉపవాసము. వంటయింట ఒక పొయ్యి వెలిగెడిది, ఒక పొయ్యి వెలిగెడిది కాదు. మా తాత యెవరినీ ఏమియు అనక మజ్జిగ త్రాగి అరుగుమీద కూర్చుండెడివాడు.

ఓస్వియు అట్లు కూర్చుండలేదు. 664లో విట్బీయందు, హిల్డా యను సన్న్యాసిని పాలించుచున్న మఠమున, సభ చేయించెను. ఐర్లండు పక్షమున కోల్మను, రోము పక్షమున విల్ఫ్రిడు వాదించిరి. కోల్మను తన గురుపరంపరను, యోహాను అపొస్తలుని ప్రమాణముగ చూపెను. విల్ఫ్రిడు స్వర్గద్వారపు తాళపుచెవులు పేతురునకు ఈయబడినవన్న వాక్యమును ముందుంచెను. "ఆ తాళపుచెవుల సంగతి నిజమేనా?" అని రాజు కోల్మను నడిగెను. నిజమే యని కోల్మను ఒప్పుకొనెను. అట్లయినచో నేను ద్వారపాలకునితో విరోధము పెట్టుకొనను, రేపు నేను పోవునప్పుడు తలుపు తీయువా డుండడేమో యని రాజు తీర్పు చెప్పెను. గణితమును గూర్చిన వివాదము గణితముచేత కాక తాళపుచెవిచేత ముగిసినది! కోల్మను తనవారితో ఆ దేశము విడిచి వెడలిపోయెను. బీడు రోము పక్షమువాడు. అయినను, కోల్మను మఠమున దేవాలయము తప్ప చెప్పుకొనదగిన కట్టడములు లేవనియు, వారికి పశువులు తప్ప ధనము లేదనియు మెచ్చుకొనుచు వ్రాసెను. ఓడినవానిని ఇట్లు స్మరించు చరిత్రకారుడు దొరకుట అరుదు.

తిథి వివాద మంతటితో తీరినదా? తీరలేదు. రోమకుల సంవత్సరము నిజమైన సౌరసంవత్సరముకంటె పదునొకండు నిమిషములు పెద్దది. ఈ నిమిషములు పోగై పోగై 1582 నాటికి విషువము మార్చి 21 విడిచి 11కు జరిగెను. ఆ యేడు పదుమూడవ గ్రెగరీ పోపు, లిలియసు, క్లావియసు అను పండితుల లెక్కను ఆధారముగ చేసికొని, అక్టోబరు 4 మఱునాడు 15 అని శాసించెను. పోపు చెప్పినందున ప్రొటెస్టంటు దేశములు చాలకాలము వినలేదు. ఇంగ్లండు 1752లో మాత్రమే విని, సెప్టెంబరు 2 మఱునాటిని 14 చేసికొనినది.

జర్మనీలోని ప్రొటెస్టంటుల సంగతి మన పంచాంగకర్తలు తప్పక వినదగినది. వారు 1700లో తేదీలను సవరించుకొనిరి గాని, ఈస్టరునకు పోపుగారి పట్టిక మాకు వలదనిరి. కెప్లరను మహాపండితుని గ్రహగణితమును చేతబట్టి ఆకాశమున నిజముగా పూర్ణిమ యెప్పుడో లెక్కించి పండుగ చేసిరి. ఇది మన దృక్సిద్ధాంతము. కేథలిక్కులది పూర్వపద్ధతి యనుకొనుడు. పెక్కు యేండ్లు రెండును కలిసినవి. 1724లో విడిపోయినవి. ప్రొటెస్టంటులకు ఏప్రిలు 9, కేథలిక్కులకు ఏప్రిలు 16. ఆ యేడు ఏప్రిలు 7న, ప్రొటెస్టంటుల శుభ శుక్రవారమున, లైప్‌సిగు నగరపు దేవాలయమున బాఖు అను సంగీత విద్వాంసుడు యోహాను సువార్తలోని సిలువకథకు కట్టిన మహాగీతిక మొదటిసారి వినబడినది. అదేనాటికి పొరుగు సీమల కేథలిక్కులకు మట్టల ఆదివారమైనను రాలేదు. 1744లో మఱల ఇట్లే జరిగెను. ఆకాశము వారి పక్షముననే యున్నను, పొరుగువారితో కలిసి పండుగ లేకపోవుటను వారు సహింపలేకపోయిరి. శతాబ్దము ముగియకమున్నే పట్టికకే తిరిగి వచ్చిరి.

తూర్పు సంఘములవారు, అనగా గ్రీకులు, రష్యనులు, సెర్బులు మొదలగువారు, నేటికిని ఈస్టరునకు పాత లెక్కనే వాడుదురు. వారి మార్చి 21 మన ఏప్రిలు 3. కావున 2024లో మార్చి 25 పూర్ణిమను గ్రహించి పశ్చిమమువారు మార్చి 31న పండుగ చేసికొనగా, తూర్పువారు అది విషువమునకు ముందటిదని త్రోసివేసిరి. తరువాతి పూర్ణిమ ఆకాశమున ఏప్రిలు 24 తెల్లవారకుండగనే ముగిసినను, వారి పాత పట్టికలో 28వ తేదీ ఆదివారమున పడినది. అందుచే మే 5 వఱకు కాచుకొనిరి. 2025లో మాత్రము ఇరువురకును ఏప్రిలు 20 ఒక్కటే. నైసియా సభ జరిగి సరిగా 1700 సంవత్సరములు. 2028 ఏప్రిలు 16న మఱల కలియుదురు. ఈ చిక్కంతయు వలదని ఇంగ్లండు పార్లమెంటు 1928లో, ఏప్రిలు రెండవ శనివారము మఱునాడే ఈస్టరు అని చట్టము చేసెను. ఆ చట్టము ఒక్కనాడును అమలునకు రాలేదు.

తేదీ యేదైనను పండుగ పండుగయే కదా! ఆచారములలోకి పోవుదము. అన్నియు చెప్పుటకు కాలము చాలదు. నా మనస్సున నిలిచినవి చెప్పెదను.

యెరూషలేములో యేసు సమాధిస్థలముగ భావింపబడు దేవాలయమున్నది. ఈస్టరునకు ముందటి శనివారము గ్రీకు మతగురువు ఒక్కడే లోని గదిలోనికి పోయి వెలిగిన క్రొవ్వొత్తులతో వెలికి వచ్చును. ఆ మంట ఒకరి క్రొవ్వొత్తి నుండి ఒకరి క్రొవ్వొత్తికి ప్రాకి నిమిషములలో దేవాలయ మంతయు వెలుగును. ఆ వెలుగును విమానముమీద ఏథెన్సునకు గొనిపోవుదురు. ఇంకొక విశేషము: క్రైస్తవ శాఖలు పలువురు పంచుకొన్న ఆ దేవాలయపు తలుపు తాళపుచెవిని, తలుపు తీయు పనిని వంశపారంపర్యముగా నిర్వహించుచున్నవి రెండు ముసల్మాను కుటుంబములు.

గ్రీసు పల్లెలలో శుక్రవారమునాడు స్త్రీలు పూలతో ఒక పాడెను అలంకరింతురు. దానిని వీథులలో ఊరేగింతురు. శనివారము నడిరేయి దేవాలయమున దీపములన్నియు ఆర్పివేయుదురు. గురువు ఒక్క దీపముతో వచ్చి "క్రీస్తు లేచెను" అనును. జనులు "నిజముగా లేచెను" అందురు. దీపము ఆరకుండ చేయి అడ్డముపెట్టి యింటికి తెచ్చుకొని, ఆ పొగతో గడప పైకమ్మిమీద సిలువ గుర్తు పెట్టుకొందురు. గురువారమే ఎఱ్ఱరంగు వేసి యుంచిన గుడ్లను ఒకరి గుడ్డుతో నొకరు కొట్టుకొందురు. పగులని గుడ్డు గలవానిది ఆ యేటి అదృష్టము.

గుడ్డు ఈ పండుగలోనికి ఎట్లు వచ్చెనని మీ రడుగవచ్చును. గుడ్డునుండి పిల్ల వెలువడునట్లు సమాధినుండి క్రీస్తు వెలువడెనని వేదాంతులు చెప్పుదురు. అది సరియే. కాని కోళ్లు పెంచిన గృహిణి కింకొక కారణము తెలియును. పండుగకు ముందు నలుబది దినముల వ్రతకాలమున మాంసమే కాక గుడ్లును పూర్వము నిషిద్ధము. కోడికి వ్రతము లేదు. అది పెట్టుచునే యుండును. పండుగనాటికి గంపలు నిండును. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఇంటి లెక్కలలో, రంగును బంగారు రేకును వేసి పంచిపెట్టుటకు 450 గుడ్లు, వెల 18 పెన్నీలు అని యున్నది. ఉక్రెయినులో స్త్రీలు గుడ్డుమీద కరగిన మైనముతో గీతలు గీసి రంగులో ముంచుదురు. మైనమున్నచోట రంగు పట్టదు. పూర్వము మన కోస్తా కలంకారీ పనివారు నీలిమందునకు ముందు బట్టకు మైనము పూసిన యుపాయమే యిది. రష్యా చక్రవర్తి 1885లో తన రాణికి ఫాబెర్జే అను కంసాలిచేత బంగారు గుడ్డు చేయించి యిచ్చెను. అది యేటేటి వాడుకయై 1917 విప్లవముతో ఆగిపోయెను. పేదరాలి మైనపు గుడ్డు నేటికిని ఆగలేదు.

జర్మనీ పిల్లలకు గుడ్లు తెచ్చునది కుందేలు! 1682లోనే ఒక వైద్యుడు ఈ నమ్మకమును గ్రంథస్థము చేసినాడు. జర్మనులు అమెరికాకు వలసపోయి కుందేలును వెంటబెట్టుకొని పోయిరి. ఫ్రాన్సులో గురువారమునుండి గంటలు మ్రోగవు; అవి రోమునకు పోయినవనియు, తిరిగివచ్చుచు తోటలలో తినుబండారములు జాఱవిడుచుననియు పిల్లలకు చెప్పుదురు. పోలండులో పండుగ మఱునాడు సోమవారము ఒకరిపై నొకరు నీళ్లు చల్లుకొందురు. మన వసంతము లాడువారు అచ్చటికి పోయినచో కొత్త అనిపింపదు.

గ్వాటెమాలా దేశమున అంతిగ్వాయను పాత పట్టణమున్నది. వ్రతవారమున అక్కడి గృహస్థులు రాత్రియంతయు మేల్కొని తమ వాకిటి వీథిలో రంగులద్దిన ఱంపపుపొట్టుతో, పూవులతో పెద్ద తివాచీవంటి ముగ్గులు పెట్టుదురు. తెల్లవారిన తరువాత సిలువ మోయు యేసు విగ్రహమును పెద్ద పల్లకిలో భుజములమీద మోసికొని పదుల జనులు ఆ ముగ్గులమీదుగా నడిచిపోవుదురు. రాత్రి పడిన శ్రమ ఘడియలో చెదరిపోవును. ముగ్గు పెట్టినవారు దానినే భాగ్యముగ నెంతురు. ఫిలిప్పీను దీవులలో తెల్లవారుజామున రెండు ఊరేగింపులు రెండు దారుల వచ్చును: ఒకదానిలో లేచిన క్రీస్తు, ఒకదానిలో నల్లని ముసుగుతో తల్లి మరియ. రెండును ఎదురుపడినచోట దేవదూత వేషము వేసిన చిన్నపిల్ల ఆ ముసుగును తొలగించును. ఇథియోపియాలో 55 దినములు మాంసము, పాలు, వెన్న ముట్టరు. శనివారము రాత్రియంతయు దేవాలయమున నిలిచి, కోడి కూయకమున్నే యింటికి వచ్చి కోడికూరతో వ్రతము విడుతురు.

కేరళ క్రైస్తవుల ఇండ్లలో పెద్ద గురువారము రాత్రి పులియని పిండితో అప్పము చేసి, మట్టల ఆదివారమునాడు తెచ్చిన ఆకుతో దానిపై సిలువ పెట్టి, యింటి పెద్ద కోసి అందఱికి పంచును. ఆ యేడు మరణము సంభవించిన యింట అప్పము చేయరు. ఇరుగుపొరుగువారు తెచ్చి పెట్టుదురు. ఏటిసూతక మెఱిగిన మనకు ఈ మాటకు వ్యాఖ్యానము అక్కఱలేదు.

మన తెలుగు క్రైస్తవులు ఈస్టరు తెల్లవారకుండగనే సమాధులకడకు పోవుదురు. ముందే సున్నము కొట్టించి, పూవులు పఱచి, క్రొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుదురు. దీనినే సమాధుల పండుగ యనుటయు కలదు. జర్మనీలో హెర్న్‌హుట్టు అను పల్లెలో 1732లో కొందఱు యువకులు ఈస్టరు సూర్యోదయమునకు కొండమీది శ్మశానమున కీర్తనలు పాడినట్లు చరిత్రలో నున్నది. చనిపోయినవారియొద్ద నిలిచి తెల్లవారుటకై తూర్పు చూచుట యెల్లదేశముల మనుష్యులకును తోచునదియే కాబోలు.

ఇక నా తప్పు. 2019 జనవరిలో మా గణితోపాధ్యాయుడు నాకడకు వచ్చి, "పంతులుగారూ! అబ్బాయి కువైటునుండి ఈస్టరునకు వత్తునని వ్రాసినాడు. సెలవు ముందుగా పెట్టుకొనవలెనట. సంఘపు పట్టిక ఇంకను చేతికి రాలేదు. తేదీ చెప్పుడు" అనెను. పంచాంగము తీసితిని. విషువము మార్చి 21 తెల్లవారుజాము మూడున్నరకు. పూర్ణిమాంతము అదే యుదయము ఏడు దాటిన తరువాత. విషువము ముందు, పూర్ణిమ వెనుక. సూత్రమునకు లోపము లేదు. తరువాతి ఆదివారము మార్చి 24. సంశయింపక చెప్పితిని.

సంఘపు పట్టిక వచ్చినది. అందులో ఏప్రిలు 21 అని యుండెను. పట్టిక పూర్ణిమ మార్చి 20. పట్టిక విషువము మార్చి 21. ఒక్కదినముతో ఆ పూర్ణిమ త్రోసివేయబడినది. అప్పటికి అబ్బాయి విమానపు టిక్కెట్టు కొనియుండెను. మార్చిలో వచ్చి పదిదినములుండి, మట్టల ఆదివారమునకు ముందే మరలిపోయెను. ఆయన నన్నొక్క పరుషవాక్యము అనలేదు. "పంతులుగారూ! చంద్రుడు మీరు చెప్పినట్లే నడిచినాడు. మావాళ్లే నడువలేదు" అని నవ్వెను. పై యేడు అబ్బాయి తప్పక వచ్చుననుకొనిరి. 2020లో ఈస్టరు ఏప్రిలు 12. దేశమంతట లాక్‌డౌను; దేవాలయములు మూతపడెను; విమానములు లేవు. ఆయనయు భార్యయు ఇంటిలోనే పాట పాడుకొనిరి. ఆ సంవత్సరము చలికాలమున ఆయన పోయెను.

2022 ఏప్రిలు 17న అబ్బాయి వచ్చెను. నాలుగు గంటలకు నా తలుపు తట్టి, "బాబాయిగారూ! మీరును రండి" అని పిలిచెను. సమాధుల నడుమ అప్పటికే వెలుగులుండెను. గాలికి మా క్రొవ్వొత్తి రెండుమాఱులు ఆరెను. ప్రక్క సమాధికడ కూర్చుండిన ముసలమ్మ తన దీపమునుండి మాకు వెలిగించి యిచ్చెను. తిరిగి వచ్చుచు అబ్బాయి పై యేటి తేదీ యడిగెను. ఇంటికి వచ్చి కూర్చుండుమంటిని. సంఘమువారు అచ్చువేసిన పట్టికను కళ్లజోడు పెట్టుకొని రెండుమాఱులు చూచి, తరువాత చెప్పితిని: ఏప్రిలు 9.